నేను జారి పడలే

వాకిట్లో సాన్పి చల్లడానికి తలుపు తీసిన దుర్గవ్వ, మోరీలో తలకిందులుగా పడి ఉన్న మనవరాలి బైకును చూసి, దాని కింద మనవరాలు కూడా ఉందనుకొని కేక పెట్టింది.

ఆ కేకకు తొండుపల్లిలోని ఆ గల్లీ గల్లీ అంతా లేచింది. లుంగీలు బిగించుకుంటూ మగవాళ్ళు, కొంగులు సర్దుకుంటూ ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. దుర్గవ్వ అప్పటికే మోరీ గట్టు మీద బోర్లా పడుకొని, బురదలో చెయ్యి పెట్టి దేవులాడుతోంది.

"నా బిడ్డ కిందున్నది! ఎవరన్న బండి లేపుండ్రి! మీ కాళ్ళు మొక్కుత, లేపుండ్రి!"

"నాయినమ్మా!"

వెనక నుంచి వినబడిన గొంతుకు ముసలమ్మ చెయ్యి ఆగిపోయింది. తిరిగి చూసింది. గుమ్మంలో సంతోషి నిలబడి ఉంది. జుట్టు చెదిరి, కళ్ళు సగమే తెరుచుకొని.

"నేనీడనే ఉన్న. ఇయ్యాల నాకు ఆఫ్. పండుకున్న."

దుర్గవ్వ లేచింది. మనవరాలి దగ్గరికి వెళ్ళి బురద చేత్తోనే వీపు మీద ఒక్కటి చరిచింది. తర్వాత కావలించుకొని ఏడ్చింది.

"ఆఫ్ అని రాత్రే చెప్తే నీ నోరు అరుగుతదా పోరీ? నా పాణం పోయింది గద!"

నాయనమ్మ భుజం మీదుగా సంతోషి తన బండిని చూసింది. రాత్రి గోడ పక్కన, ఎప్పుడూ పెట్టే చోటే, సైడ్ స్టాండు వేసి పెట్టింది. ఇప్పుడు ముందు చక్రం మెలితిరిగి ఆకాశం వైపు చూస్తోంది. హ్యాండిల్ ట్యాంకులోకి దిగబడింది. హెడ్‌లైటు గాజు పొడిపొడిగా గోడ మొదట్లో మెరుస్తోంది. ఆ బండి కొని ఇంకా ఏడాది నిండలేదు.

"ఎవరు చేసిన్రు?" అంది సంతోషి. గట్టిగా అనలేదు. అయినా గల్లీ అంతా విన్నది.

ఎవరూ చూడలేదు. కిరాణా కొట్టుకు కెమెరా ఉంది గానీ, అది తన షట్టరును తప్ప ఇంకేమీ చూడదు.

"పాల వ్యానో, కూరగాయల ఆటోనో అయ్యుంటది చెల్లె," అంటూ మల్లేశ్వర్ ముందుకొచ్చాడు.

గల్లీ మొదట్లో ఇల్లు అతనిది. సొంత బోరు ఉంది, సొంత వాటర్ ట్యాంకర్ ఉంది. ఎండాకాలం వస్తే ఆ గల్లీలో ఎవరి సంపు నిండాలన్నా మల్లేశ్వర్ మనసు కరగాలి. అందుకే అందరికీ అతను మల్లన్న. అందరూ లుంగీల మీద ఉంటే అతనొక్కడు ప్యాంటు చొక్కా వేసుకొని, తల దువ్వుకొని ఉన్నాడు. ఆ సమయంలో అది ఎవరికీ పట్టలేదు.

"నిలబడి సూస్తే బండి బాగైతదా? పట్టుండ్రి!" అని నలుగురిని కేకేసి బండిని పైకి తీయించాడు. ఎవరికో ఫోన్ చేసి ట్రాలీ ఆటో పిలిపించాడు. "షోరూం దాంక నేను గూడ వస్త. ఇన్సూరెన్స్ ఉంది గద? ఇగ నువ్వు పరేషాన్ గాకు."

సంతోషికి కళ్ళు చెమ్మగిల్లాయి. కష్టంలో మనిషి విలువ తెలుస్తుందని అనుకుంది. అలా అనుకున్నందుకు తర్వాత తన మీద తనకే కోపం వచ్చింది.

* * *

శంషాబాద్‌లో హైవే పక్కనున్న షోరూంలో ఇన్సూరెన్స్ పనులు చూసేవాడు ఆకిఫ్. బండి చుట్టూ ఒకసారి తిరిగి నాలుక చప్పరించాడు.

"ఫోర్కు పోయింది. రిమ్ము పోయింది. హ్యాండిల్, హెడ్‌లైట్ ఖతం. ఏం ఫికర్ లేదక్కా, నీది ఫుల్ పాలసీ. కంపెనీ ఇస్తది. ఎట్ల పడ్డవ్?"

"నేను పడలే."

"మరి?"

"నిలబెట్టిన బండిని ఎవరో గుద్దిపోయిన్రు."

ఆకిఫ్ కీబోర్డు మీద నుంచి వేళ్ళు తీసేశాడు.

"అరే అక్కా, గట్ల చెప్తే నువ్వే ఇరుక్కుంటవ్. ఎవరో గుద్దిన్రంటే, ఎవరు అంటరు. పోలీస్ కాగితం తెమ్మంటరు. పోలీసోళ్ళు గుద్దిన బండి నంబర్ అడుగుతరు. ఉందా నీ దగ్గర? లేదు. అదే నువ్వే జారి పడ్డవనుకో, ఎవరూ ఎవర్నీ అడగరు. ఇసుకల స్కిడ్ అయిన అని ఒక్క లైన్. బస్. అందరు గదే రాస్తరు."

"అందరు రాయని. నేను జారి పడలే."

వెనకాల కుర్చీలో కూర్చున్న మల్లేశ్వర్ నవ్వాడు. "గింత మొండితనం ఎందుకు చెల్లె? ఒక్క ముక్క అబద్ధం. ఎవరికి నష్టం? కంపెనీకి లక్షల బండ్లు. నీదొక్కటి ఎక్కువైతదా?"

నష్టం ఎవరికో సంతోషికి తెలుసు.

ఎయిర్‌పోర్టులో ఆమె సామాను ట్రాక్టర్ నడుపుతుంది. విమానం పొట్టలోంచి దించిన పెట్టెలను ట్రాలీల మీద వరసగా తగిలించుకొని, రెక్కల కింద నుంచి పాములా లాక్కెళ్ళే ట్రాక్టర్. వచ్చే నెల ప్రయాణికుల బస్సు నడపడానికి టెస్టు ఉంది. టర్మినల్ నుంచి విమానం మెట్ల దాకా జనాన్ని తీసుకెళ్ళే బస్సు. ఆమె షిఫ్టులో ఇప్పటిదాకా ఏ ఆడమనిషీ ఆ స్టీరింగు పట్టలేదు. సూపర్‌వైజర్ వీరేందర్ ముందే చెప్పాడు: "నీ తప్పుతోటి యాక్సిడెంట్ అయిందని యాడన్న రాసి ఉంటే, నీ పేరు టెస్టుకు పంప. బయటి బండైనా సరే. రెక్క కింద నడిపేటోళ్ళకు రూల్ గట్లనే ఉంటది."

జారి పడ్డానని రాస్తే బైకు బాగవుతుంది, బస్సు పోతుంది. సరే, బస్సు సంగతి పక్కన పెడదాం. బైకు కొన్నప్పటి నుంచి గల్లీలో ఎంతమంది అన్నారు! ఆడపిల్లకు స్కూటీ చాలదా అని, ఏదో ఒకనాడు పడుతుంది చూడమని. వాళ్ళందరి మాటకు తనే సంతకం పెట్టాలా?

"రాసుకో ఆకిఫ్ అన్నా," అంది. "నిలబెట్టిన బండి. గుద్దినోడు ఎవడో నేను దొరకబట్టుకొస్త."

మల్లేశ్వర్ నవ్వు ఆగింది. "నువ్వు బయట కూసో చెల్లె. నేను మాట్లాడి వస్త," అన్నాడు.

* * *

మరుసటి రోజు ఇన్సూరెన్స్ వాళ్ళు పంపిన సర్వేయర్ వచ్చింది. పేరు మాధవీలత. కాటన్ చీర, కాళ్ళకు స్పోర్ట్స్ బూట్లు. మాటలో కృష్ణా జిల్లా పద్ధతి. నూనె మరకల నేల అని కూడా చూడకుండా బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. షోరూం వాళ్ళు పంపిన కాగితం చూసింది, మళ్ళీ బండిని చూసింది.

"ఇసుకలో స్కిడ్ అయిందని రాశారు. ఎక్కడ పడ్డారండీ?"

సంతోషి ఉలిక్కిపడింది. "నేను పడలేదు మేడం. నేనట్ల చెప్పలే."

"మరి ఇది ఎవరు చెప్పారు?"

ఆకిఫ్ గుమ్మం దగ్గర నిలబడ్డ మల్లేశ్వర్ వైపు చూశాడు.

"మంచికే చెప్పిన మేడం," అన్నాడు మల్లేశ్వర్. "చిన్నపిల్ల. ఆమెకేం తెలుసు? క్లెయిమ్ పాసైతదని..."

"మీరెవరండీ?"

"గల్లీల పెద్దమనిషిని."

"పెద్దమనిషి గారూ, ఇలా వచ్చి ఈ సైడ్ స్టాండు చూడండి. తెరిచి ఉండగానే వంగింది. స్టాండు కిందికి దించి ఎవరైనా బండి నడుపుతారా? ఈమె ఈ కాగితం మీద సంతకం పెట్టి ఉంటే, అబద్ధం చెప్పిందని రాసి క్లెయిమ్ కొట్టేసేదాన్ని." మాధవీలత లేచి చేతులు దులుపుకుంది. "సంతకం లేదు కాబట్టి ఈ కాగితం నా దాకా రానట్టే. సంతోషి గారూ, బండి నిలబెట్టి ఉందని నేను నమ్ముతున్నాను. కానీ నేను నమ్మితే చాలదు, ఫైలు నమ్మాలి. కొట్టిన బండి ఏదో తెలియాలి, లేదా పోలీసుల కాగితం కావాలి. వచ్చే శుక్రవారం మీ గల్లీకి వచ్చి చోటు చూస్తాను. ఆ రోజుకి ఏదో ఒకటి చూపించండి. లేకపోతే కారణం తేలలేదని రాయక తప్పదు."

బయటికి వచ్చాక మల్లేశ్వర్ కోపంగా ఉన్నాడు. "చేతికొచ్చినదాన్ని చెడగొట్టుకున్నవ్. ఇగ జారి పడ్డ అని రాసే దారి గూడ మూసుకపోయింది. ఖుషీనా?"

"ఖుషీనే," అంది సంతోషి.

పోలీస్ స్టేషన్‌లో ఆకిఫ్ చెప్పినట్టే జరిగింది. "నంబరు తీస్కరా అమ్మా, రాస్త," అన్నాడు రైటర్. "నంబరు లేకుంట ఎవరి మీద రాయాలె? గాలి మీదనా?"

సంతోషి షేర్ ఆటోల్లో డ్యూటీకి పోయింది. వచ్చేటప్పుడు ప్రతి పాల వ్యాను బంపరూ, ప్రతి ఆటో ముందుభాగమూ వంగి చూసుకుంటూ వచ్చింది. గల్లీలో ఆడవాళ్ళు నవ్వుకున్నారు. ఒకామె అడిగింది కూడా: "ఏం సంతోషీ, బండ్లకు పెండ్లిచూపులు చూస్తున్నవా?"

"నచ్చితే తాళి నేనే కడ్త వదినా," అంది సంతోషి, ఆగకుండా.

* * *

మంగళవారం సాయంత్రం మల్లేశ్వర్ భార్య శిరీష గిన్నె పట్టుకొని వచ్చింది. మూత తీయకముందే మసాలా వాసన ఇంట్లోకి నడిచొచ్చింది.

"మైసమ్మ కాడ కోడిని కోసినం అవ్వా. ఇంత కూర తెచ్చిన. మొక్కు కూర గద, ఒక్కరమే తినొద్దంటరు."

దుర్గవ్వ ముఖం విచ్చుకుంది. ఆమెకు పళ్ళు లేకపోయినా, నాటుకోడి అంటే చిగుళ్ళతోనే యుద్ధం చేస్తుంది. "చల్లగుండు బిడ్డా. ఏం మొక్కు?"

"ఏమో అవ్వా, ఆయన చెప్పలే. పొద్దున్నే ట్యాంకర్ తీస్కపోయి చేయించుకొచ్చిండు. అడిగితే కసిరిండు." శిరీష నవ్వి, గిన్నె పెట్టి వెళ్ళిపోయింది. ఆ నవ్వులో దాపరికం లేదు.

ఇద్దరూ జొన్నరొట్టె ముందేసుకొని కూర్చున్నారు. సంతోషి ముక్క తుంచి కూరలో అద్దింది.

"నాయినమ్మా, మల్లన్న కొత్త ట్యాంకర్ కొన్నడా?"

"యాడిది? గదే పాత డొక్కు. కంకర మీద పోతే పళ్ళు కొరికినట్టు మోగుతది."

"మరి బండికి కోడి ఎందుకు కోసిండు?"

దుర్గవ్వ ఎముక చప్పరిస్తూ చెప్పింది, అందరికీ తెలిసిన సంగతి చెప్పినట్టు. "బండికి కోడి రెండే యాళ్ళల్ల కోస్తరే. కొత్తది తెచ్చినప్పుడు, మల్ల అది ఎవరినన్న గుద్దినప్పుడు. గుద్దిన బండిని మైసమ్మకు సూపియ్యకుంట మల్ల తోలితే, అది ఇంకోళ్ళను అడుగుతదంటరు. ఊకెనే ఎవరు కోస్తరు? కోడి ఏమన్న చెట్టుకు కాస్తదా?"

సంతోషి చేతిలో రొట్టె ముక్క నోటి దాకా వచ్చి ఆగింది.

దుర్గవ్వ చప్పరించడం కూడా ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి గిన్నెను చూశారు.

"అవ్వో!" అంది ముసలమ్మ. "తింటినే!"

"తిన్నదానికి ఏం గాదు. మొత్తం తిను," అంది సంతోషి లేస్తూ. "గిన్నె మాత్రం నేను కడుగుత."

* * *

పొద్దున్నే ట్యాంకర్ మల్లేశ్వర్ ఇంటి ముందు నిలబడి ఉంది. బంపరుకు కొత్త నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి ఉన్నాయి. సంతోషి ముందు టైర్ల వైపు చూసింది. పసుపు బొట్లు మాత్రమే. వెనక్కి నడిచింది. ఎడమవైపు వెనక టైరు మీద పసుపు, కుంకుమ, వాటి మీద ఎండి నల్లబడిన నెత్తురు చార. దాని పైన వెనక బంపరు అంచుకు, జానెడు మేర, కొత్త నల్ల రంగు. మిగిలిన బంపరంతా తుప్పు.

ఆ గల్లీలోకి ట్యాంకర్ ఎప్పుడూ వెనక్కే వస్తుంది. లోపల తిప్పుకోవడానికి చోటు లేదు.

గుమ్మంలో శిరీష ముగ్గు వేస్తోంది. సంతోషి గిన్నె అందించింది.

"గిన్నె ఖాళీగ తిరిగియ్యొద్దంటరు గద వదినా."

శిరీష మూత తీసింది. గిన్నె నిండా పగిలిన హెడ్‌లైటు గాజు. ఆమె చేతిలోంచి మూత జారి ముగ్గులో పడింది.

"ఏందిది సంతోషీ?"

"నా బండిది. మీ ఆయన్నడుగు, చెప్తడు."

మాటలు విని మల్లేశ్వర్ బనియన్ మీదే బయటికొచ్చాడు. గిన్నె చూశాడు. ట్యాంకర్ వెనక టైరు చూశాడు. అతని కళ్ళు అటే పోవడం భార్య కూడా చూసింది.

"మొక్కు దేనికన్నా?" అడిగింది సంతోషి.

"యాపారం మంచిగుండాలని."

"యాపారానికైతే బోరు కాడ కోస్తరు. వెనక టైరుకెందుకు కోసినవ్?"

"నా బండి, నా కోడి, నా ఇష్టం! ముందుకు కోస్త, వెనకకు కోస్త, నీకేంది?"

"జానెడు రంగెందుకు ఏసినవ్?"

మల్లేశ్వర్ చుట్టూ చూశాడు. ఇంకా ఎవరూ లేరు. గొంతు తగ్గించాడు. "చూడు చెల్లె. నేను గుద్దిన అంటలేను. పక్కింటి ఆడపిల్లవు, కష్టంల ఉన్నవు. బండి బాగు చేసేటందుకు ఎంతైతదో చెప్పు. మొత్తం నేనిస్త. ఆ సర్వేయరమ్మను రావొద్దని చెప్పు. ఈ ముచ్చట ఈడికే ఖతం."

"పైసలొద్దన్నా. నీ నోరు కావాలె. గుద్దిన అని చెప్పు."

"చెప్పకుంటే?"

"చెప్పిస్త."

మల్లేశ్వర్ ముఖం మారింది. చెల్లె అన్న మాట గొంతులోంచి మాయమైంది. "రెండు రోజులు నీళ్ళు బందు పెడితే నోరు దానంతటదే మూతపడ్తది. మీ సంపుల సుక్క పోయ్య. సూస్త, ఎన్ని రోజులుంటవో!"

"బిందెతోటి మోస్కుంట. ట్రాక్టర్ మీద విమానాల సామానే మోస్తున్న, నీళ్ళు మొయ్యలేనా?"

అన్నట్టే మోసింది. డ్యూటీ దిగి వచ్చి, కింది బస్తీ నల్లా దగ్గర వరసలో నిలబడి, బిందె నడుముకెత్తుకొని గల్లీ మధ్యలోంచి నడిచింది. అడ్డదారి ఉన్నా మల్లేశ్వర్ ఇంటి ముందు నుంచే నడిచింది. గల్లీలో ఒక్కరూ నోరు మెదపలేదు. వాళ్ళ సంపులు కూడా అతని ట్యాంకర్ వైపే చూస్తున్నాయి. గుమ్మంలో కూర్చున్న శిరీష మాత్రం ఆమె వెళ్ళిన ప్రతిసారీ తలెత్తి చూసి, మళ్ళీ దించుకుంది. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మాటలు బందయ్యాయని దుర్గవ్వ కబురు మోసుకొచ్చింది.

* * *

శుక్రవారం మాధవీలత వచ్చింది. గోడను, మోరీని ఫోటోలు తీసుకుంది. బండి నిలబెట్టిన చోట టేపు పరిచి కొలిచింది.

"కొట్టిన బండి తెలిసిందా అండీ?"

"తెలిసింది మేడం," అంది సంతోషి. "గదే."

గల్లీ మొదట్లో ట్యాంకర్ వైపు వేలు చూపించింది. మల్లేశ్వర్ అప్పటికే అటు నుంచి వస్తున్నాడు. వెనక గల్లీ జనం. ఈసారి చొక్కా ఇస్త్రీది.

"రుజువు ఉందా?" అని గట్టిగా అడిగాడు. "మేడం, అడుగుండ్రి. చూసినోళ్ళున్నరా? కెమెరా ఉందా? కోడిని కోస్తే కేసైతదా? రేపు కొబ్బరికాయ కొడితే ఉరేస్తరా?"

కొందరు నవ్వారు. మాధవీలత నవ్వలేదు. "ఆయన అడిగింది న్యాయమే సంతోషి గారూ. మొక్కు చెల్లించారని నేను ఫైలులో రాయలేను."

"రాయకుండ్రి మేడం. నేను ఒక్కటే అడుగుత." సంతోషి మల్లేశ్వర్ ఎదురుగా నిలబడింది. "అన్నా, పోలీసులొద్దు, కెమెరాలొద్దు. గా సడక్ పక్కనే మైసమ్మ ఉంది. మొన్న నువ్వు కోడిని కోసిన జాగనే. నడువు. గద్దె మీద చెయ్యి పెట్టి, ఆ కోడి యాపారానికి కోసిన అని చెప్పు. ఒక్క మాట. చెప్తే ఈ మేడం ముంగటనే క్లెయిమ్ వాపస్ తీసుకుంట. నేనే జారి పడ్డ అని మా వీరేందర్ సార్‌కు రాసిస్త. బస్సు గూడ వద్దంట. బైకు తుక్కుకు అమ్ముకుంట. ఇంతమంది సాక్షి."

"సంతోషి గారూ, ఆలోచించి మాట్లాడండి," అంది మాధవీలత మెల్లగా. "ఆయన చెప్పేస్తే?"

"చెప్తే చెప్పనియ్యుండ్రి మేడం."

దుర్గవ్వ మనవరాలి చెయ్యి పట్టుకుంది. వద్దనడానికి కాదు. ఆమె కూడా అటే అడుగు వేసింది.

మల్లేశ్వర్ నవ్వాడు. "గింతేనా? నడువుండ్రి!"

అందరూ నడిచారు. దూరమేమీ లేదు. ఎయిర్‌పోర్టు రోడ్డులోకి తిరిగే మలుపులో, వేపచెట్టు కింద, సున్నం వేసిన చిన్న గద్దె, మీద పసుపు పూసిన రాయి. పైన ఒక విమానం చక్రాలు దించుకొని, చెవులు గింగురుమనేలా కిందికి దిగుతోంది.

మల్లేశ్వర్ చెప్పులు విడిచాడు. గద్దె ముందు వంగాడు. చెయ్యి చాచాడు.

గద్దె కింద రాతి మీద మొన్నటి నెత్తురు ఇంకా గోధుమ రంగులో కనిపిస్తోంది. చెయ్యి దాని పైన గాలిలో నిలబడిపోయింది.

"పెట్టు," అంది ఒక గొంతు. సంతోషిది కాదు. శిరీషది. "పెట్టి చెప్పు. నేను ఊరంత పంచిన గద ఆ కూర. అది ఎందుకు కోసినవో నేను గూడ వింట."

మల్లేశ్వర్ భార్యను చూశాడు. సంతోషిని చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గద్దె ముందే, మట్టిలో, ఇస్త్రీ ప్యాంటుతో కూలబడ్డాడు.

మాధవీలత ఫోనులో రికార్డింగు నొక్కి అతని ముందు పెట్టింది. "మీ మాటల్లో మీరే చెప్పండి. నేను ఏమీ దిద్దను."

మల్లేశ్వర్ ఫోను వైపు వంగాడు.

"నేనే గుద్దిన. పొద్దుగాల ఇంక తెల్లారలే. డ్రైవర్ రాకపోతే నేనే తోలిన. గల్లీలకు రివర్స్ పెట్టిన. అద్దంల ఏం కనిపించలే. ఎనక నుంచి ఫట్ అని సప్పుడొచ్చింది, బండి ఏదో ఎక్కినట్టు లేచింది. నాకు అర్థమైంది మేడం. రోజు గా యాళ్ళకే ఈ పిల్ల బండి మీద కూసొని హెల్మెట్ పెట్టుకుంటది. డ్యూటీకి పోతది. ఆ దినం ఆఫ్ అని నాకేం ఎరుక? పిల్ల టైరు కిందున్నదనే అనుకున్న. దిగనీకి కాళ్ళు రాలే. స్టీరింగు పట్టుకొనే మైసమ్మకు మొక్కిన. తల్లీ, కింద మనిషి లేకుంట చెయ్యి, నీకు కోడినిస్త అన్న. దిగి సూస్తే బండొక్కటే ఉంది. ఏడ్సిన మేడం, ఆడనే మోరీ గట్టు మీద కూసొని ఏడ్సిన. మల్ల సోయి వచ్చింది. సోయి రాంగనే దొంగబుద్ధి గూడ వచ్చింది. ట్యాంకర్‌ను సప్పుడు లేకుంట ముందుకు తీసి, ఇంటి కాడ పెట్టి, దుర్గవ్వ మొత్తుకునేదాంక తలుపెనక నిలబడ్డ. ఈమె బండికి ఇన్సూరెన్స్ ఉంది గద, కంపెనీ ఇస్తది, ఎవరికేం పోతది అనుకున్న. షోరూంల స్కిడ్ అని రాయించింది నేనే. ఆడపిల్ల పడ్డదంటే ఎవరన్న నమ్ముతరు గదా అని. మొక్కు ఎగ్గొడదామని గూడ సూసిన. కానీ ఆ తల్లి నా మాట ఇన్నది, పిల్లను బతికిచ్చింది. ఆమెకెట్ల ఎగ్గొడ్త? ఇప్పుడు ఆమె మీద చెయ్యేసి యాపారానికి కోసిన అని ఎట్ల చెప్త? నాతోటి గాదు. రాసుకోండ్రి. సంతోషి జారి పడలే. నేనే గుద్దిన. నా ట్యాంకర్‌కు ఇన్సూరెన్స్ లేదు, బయటపడితే పోలీసోళ్ళు గుంజుకపోతరని దాచిన. అది గూడ రాసుకోండ్రి."